కొట్టేసిన మాట

"కిటికీ తెరిచి ఉంచితే వీధంతా వింటుంది. నా మాట విను."

"మూస్తే పొగకి మేం చస్తాం వదినా. వీధి వినేదాకా మేం బతికుండాలిగా!"

"పొగకైతే ఒక్కసారే చస్తాం. వాడి ఉద్యోగం పోతే రోజూ చావాలి."

వంటింటి కిటికీ రెక్క ఒకటి వార్తలమ్మ చేతిలో ఉంది. రెండోది ఆమె మొగుడి అక్క, వదినగారి చేతిలో ఉంది. పొద్దుట్నుంచీ ఇదే తంతు. ఒకరు తెరవడం, ఇంకొకరు మూయడం. పొయ్యి మీద ఉల్లిపాయలు మాడుతున్న సంగతి ఇద్దరి ముక్కులకీ తెలుస్తూనే ఉంది గానీ, ముందు రెక్క వదిలినవాళ్లు ఓడినట్టు లెక్క కదా. చివరికి కోడలే వచ్చి గిన్నె దించింది. దించి, ఎవరి వైపూ చూడకుండా కళ్లు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ కన్నీళ్లు పొగవో మరి దేనివో ఆ ఇంట్లో ఈమధ్య ఎవరూ అడగడం లేదు.

వార్తలాయన రేడియో డైరెక్టరు గదిలోంచి బయటికి వచ్చి, మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడిపోయిన చోట పోయినవారం మనం ఆయన్ని వదిలేశాం. ఆయన అలా ఎందుకు నిలబడిపోయాడో చెప్పాలంటే ముందు ఆ పది నిమిషాల సంగతి చెప్పాలి.

జెండా మారిన కొత్తలో పెద్దలు సభలో నిలబడి మాటిచ్చారు. దేశానికి రాజభాష ఒక్కటే, అయినా చిన్న భాషలవాళ్ల హక్కులకి ఏ లోటూ రాదు అన్నారు. ఆ తర్వాత బళ్లలో ఇంటి భాష పోయింది. పోస్టాఫీసు కిటికీ మీద బోర్డు పోయింది. పెద్దల మాటలో ఇంకా మిగిలున్నదల్లా సాయంత్రం పూట రేడియోలో వచ్చే పది నిమిషాల వార్తలు. అవి ఇంటి భాషలో చదివే మనిషి కాబట్టి ఆయన ఊరందరికీ వార్తలాయన. ఆయన్ని కట్టుకున్న పాపానికి ఆవిడ వార్తలమ్మ.

పేరు ఊరికే రాలేదు లెండి. ఆ పది నిమిషాల్లో సగం ఆవిడదే. రాజభాషలో తయారైన వార్తలు పొద్దున్నే పైనుంచి వస్తాయి. ఆయన వాటిని ఇంటి భాషలోకి మార్చుకుని, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు వంటింట్లో పీట వేసుకుని పైకి చదువుతాడు. ఆవిడ కూరలు తరుగుతూ వింటుంది. "ఆ మాట ఎవరన్నా అంటారా?" అని ఆవిడ అడిగిందంటే ఆ మాట పోయినట్టే. ఆవిడకి తెలిస్తే ఊరికి తెలిసినట్టని ఆయన లెక్క. పెళ్లయినప్పట్నుంచీ తను నెగ్గుతున్న ఒకే ఒక్క కోర్టు అదేనని ఆవిడ వేళాకోళం.

కోర్టు అంటే గుర్తొచ్చింది. ఇకమీదట కోర్టుల్లో విన్నపాలు రాజభాషలోనే తీసుకుంటారన్న వార్త వచ్చిన రోజు, ఆయన దాన్ని చదువుతూ చదువుతూ చివర తన మాటొకటి తగిలించాడు. "అంటే ఇకమీదట కోర్టులో ఏడవాలన్నా రాజభాషలోనే ఏడవాలి" అని. వార్తలమ్మ కత్తిపీట వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, నవ్వి, చీర చెంగుతో కళ్లు ఒత్తుకుని, "కొట్టెయ్యండి, మన మెడల మీదకొస్తుంది" అంది. ఆయన కొట్టేశాడు. ఆ సాయంత్రం రేడియోలో ఆ మాట రాలేదు. రేడియో పక్కనే కూర్చుని ఆవిడ చెవులారా విన్నది.

అయినా డైరెక్టరు తన గదిలోకి పిలిచి అదే మాట, అక్షరం పొల్లు పోకుండా ఆయనకి అప్పజెప్పాడు. "ప్రసారంలో ఇలా అన్నారట. ఫిర్యాదు వచ్చింది. ఇంకొక్కటి వచ్చిందా, ఆ పది నిమిషాలూ పాటలేస్తాం" అన్నాడు. అనలేదని రుజువు చేద్దామంటే రికార్డు ఉండదు. గాలిలో పోయింది గాలిలోనే పోతుంది. ఆ మాట గాలిలోకి వెళ్లనే లేదని మాత్రం వార్తలాయనకి తెలుసు. అది వంటింటి గుమ్మం దాటాల్సిన మాట కాదు. దాటించింది ఎవరు? మెట్ల మీద ఆయన కాళ్లు ఆగిపోయింది అందుకే.

ఆ రోజునుంచే ఈ కిటికీ తగాదా.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అంది వదినగారు, ఈసారి గొంతు తగ్గించి, గుమ్మం వైపు కళ్లు తిప్పి. "ఇక కిటికీలు మూసి ఏం లాభం, తలుపు దగ్గరే నిలబడి ఉంటే?"

"ఊరుకోండి వదినా. వింటుంది."

"వినాలనే. వినడమేగా దాని పని."

కోడలు విన్నదో లేదో ముఖంలో ఏమీ కనపడలేదు. ఆ పిల్లది రాజభాష ఇల్లు. కొడుకు ఇష్టపడి చేసుకున్నాడు. వచ్చిన కొత్తలో 'మంచినీళ్లు' అనడం కూడా రాదు. ఇంటి భాషంతా మామగారు వంటింట్లో చదివే వార్తలు విని నేర్చుకుంది. అందుకని ఏం మాట్లాడినా వార్తలు చదివినట్టే ఉంటుంది. "ఈరోజు పంపులో నీళ్లు వచ్చే సూచనలు లేవు అత్తయ్యా" అంటుంది. "పాలు విరిగిపోయినట్టు తెలియవచ్చింది" అంటుంది. మొదట్లో ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవారు. ఇప్పుడు అవే మాటలు వింటే వార్తలమ్మకి ఒళ్లు జలదరిస్తోంది. ఇంత బాగా గుర్తుపెట్టుకునే పిల్లకి, ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోవడం ఎంత పని?

ముందు ఆవిడ అనుమానం మేడమీద అద్దెకుండే టైపిస్టు మీదికి పోయింది. అతని కిటికీ సరిగ్గా వంటింటి కిటికీ మీదే ఉంది. కానీ అతనికి ఇంటి భాషలో ఒక్క ముక్క రాదు. 'అద్దె' అన్న మాటైతే మరీ రాదు. ఆ అనుమానం కొట్టేశాక మిగిలింది ఈ పిల్లే. నిన్న కోడలు పంపు దగ్గరికి వెళ్లినప్పుడు వార్తలమ్మ ఆ గదిలోకి వెళ్లి పెట్టె మూత ఎత్తింది. మడతపెట్టిన బట్టలు, దువ్వెన, పుట్టింటివాళ్ల ఫొటో. మూత వేసేసి, చేతులు కడుక్కుంది. దొంగని పట్టడానికి వెళ్లి తనే దొంగలా బయటికొచ్చినందుకు ఆ పూట అన్నం సహించలేదు.

మధ్యాహ్నం వార్తలాయన వచ్చాడు. కిటికీ సగం మూసి ఉంది, సగం తెరిచి ఉంది. ఆ ఇంట్లో రాజీలన్నీ అంతే. పీట మీద కూర్చుని, కాగితాలు తీసి, గొంతు సవరించుకుని, గుసగుసగా చదవడం మొదలెట్టాడు.

"వినపడటం లేదురా తమ్ముడూ" అంది వదినగారు.

"నువ్వేగా అక్కా మెల్లిగా చదవమన్నావు."

"మెల్లిగా అంటే మరీ చచ్చిపోయినవాడిలానా? మనిషిలా చదువు."

కోడలు గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని వింటోంది. ఆమె పెదవులు సన్నగా కదులుతున్నాయి. ఆయన ఒక్కో వాక్యం చదివి ఆగినప్పుడల్లా ఆమె లోపల్లోపల దాన్ని మళ్లీ అనుకుంటోంది. వార్తలమ్మ ముల్లంగి తరుగుతూ ఆ పెదవులనే చూస్తోంది. ఇదివరకు ముచ్చటగా ఉండేది. ఇవాళ ఒక్కో కదలికా సంచీలో వేసుకుంటున్నట్టుంది.

చదవడం అయింది. వార్తలమ్మ నోరు తెరిచి "ఆ వంతెన సంగతిలో..." అనబోయిందో లేదో, వదినగారు అందుకుంది.

"అమ్మాయ్, పెరట్లో బట్టలు ఆరిపోయుంటాయి. తీసుకురా పో."

కోడలు తల ఊపి వెళ్లిపోయింది. అది రోజూ జరిగేదే. తమ్ముడు చదవడం అయిపోగానే పెద్దావిడ ఆ పిల్లకి ఏదో ఒక పని పురమాయిస్తుంది. మొగుడూ పెళ్లాలు మంచీచెడూ మాట్లాడుకునేటప్పుడు పరాయి పిల్ల చెవి ఎందుకని ఆవిడ ఉద్దేశం. ఒకరోజు బట్టలు, ఒకరోజు బొగ్గులు.

వార్తలమ్మ చేతిలో కత్తిపీట మీది ముల్లంగి అక్కడే ఆగిపోయింది.

చదవడం ఆ పిల్ల వింటుంది. దిద్దడం వినదు. ఏ రోజూ వినలేదు. వినకుండా మనమే పంపేస్తున్నాం.

"ఏమే, వంతెన సంగతి ఏమిటన్నావు?" అని భర్త అడుగుతున్నాడు.

"బానే ఉంది. చదువుకోండి" అంది ఆవిడ. పెళ్లయ్యాక మొదటిసారి దిద్దకుండా లేచి, చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి నడిచింది.

కోడలు తీగ మీద దుప్పటి లాగుతోంది. ఇటు కొస వార్తలమ్మ అందుకుంది. ఇద్దరూ దుప్పటిని బారుగా పట్టుకుని మడత మొదలెట్టారు. మడతలు పడుతున్నకొద్దీ ఒకళ్లకొకళ్లు దగ్గరవ్వక తప్పదు.

"అమ్మాయ్, 'కోర్టులో ఏడవాలన్నా' అని మీ మామయ్య ఒక రోజు అన్నారు. గుర్తుందా?"

"గుర్తుంది అత్తయ్యా." ఆ పిల్ల తడుముకోలేదు. ముఖంలోకి నవ్వు కూడా వచ్చింది. "రాజభాషలోనే ఏడవాలి. అది నాకు మిక్కిలి నచ్చింది. మా వాళ్లు కూడా కోర్టులో ఏ భాషలోనూ సరిగ్గా ఏడవలేరు."

తేలు కుట్టిన దొంగ ఇలా నవ్వదు. వార్తలమ్మకి గుండెలో ఒక ముడి వదులైంది. అది వదులైన చోటే ఇంకొకటి బిగుస్తోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తర్వాతా? పెద్దత్తయ్యగారు బొగ్గులు తెమ్మన్నారు. నేను వెళ్లిపోయాను."

"నువ్వు వెళ్లాక దాన్ని కొట్టేశాం. మీ మామయ్య దాన్ని రేడియోలో చదవలేదు."

దుప్పటి కొస ఆ పిల్ల చేతిలోంచి జారింది. "చదవలేదా?"

"సాయంత్రం నువ్వు రేడియో వినవా?"

"ఆ సమయంలో నేను పంపు దగ్గర ఉంటాను కదా. అయినా రేడియోలో మామయ్య చాలా వేగంగా చదువుతారు. నాకు అందదు. ఇంట్లో ఆగి ఆగి చదువుతారు. అందుకే ఇక్కడ విని, రాత్రి ఆయనకి..."

ఆగిపోయింది.

"ఎవరికి?"

"ఆయనకి అప్పజెప్తాను అత్తయ్యా. రోజూ. పాఠం లాగా." ఇప్పుడు మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. వార్తల్లో ఉండే మాటలు కావవి. "పెళ్లైన కొత్తలో సరదాకి మొదలుపెట్టాం. తప్పు చెప్తే ఆయన నవ్వి దిద్దేవారు. ఈమధ్య దిద్దడం మానేశారు. 'నాన్న సరిగ్గా ఇలాగే అన్నాడా? ముందు ఏమన్నాడు? తర్వాత ఏమన్నాడు?' అని అడుగుతారు. నాకు భాష బాగా రావాలని అడుగుతున్నారు అనుకున్నాను. ఏడుపు మాట చెప్పిన రోజు... దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నారు."

"నవ్వాడా?"

"లేదు. నేనొక్కదాన్నే నవ్వాను."

వార్తలమ్మ కింద పడిన దుప్పటి తీయడానికి వంగింది. వంగినదే కాసేపు లేవలేదు. ఈ నాలుగు రోజులూ ఆ పాపం ఈ పిల్లది కాకూడదని ఎంత కోరుకుందో, ఇప్పుడు ఈ పిల్లదే అయితే బాగుండునని అంత కోరుకుంది. అలా కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కడుపున పుట్టినవాణ్ణి కాపాడుకోవడానికి మనసు ఎంత కిందికైనా దిగుతుంది.

"మామయ్యకి పైన చీవాట్లు పడింది ఆ మాటకేనా?" అని కోడలు అడిగింది. చీవాట్లు ఎందుకు పడ్డాయో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఆమె ముందు నోళ్లు కట్టేసుకోవడమే ఇన్నాళ్లూ వాళ్లు చేసింది.

"ఆ మాటకే."

"అంటే నా నోటిలోంచే."

"నీ నోట్లోంచి కాదమ్మా. నీ నోటిని వాడుకున్నారు."

కోడలు మిగిలిన బట్టలన్నీ తీసి, భర్త చొక్కా ఒక్కటి తీగ మీదే వదిలేసి లోపలికి వెళ్లింది.

కొడుకు పన్నుల ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కావాలంటే రాజభాష పరీక్ష నెగ్గాలి. అందుకని ఆఫీసు అయ్యాక తరగతికి వెళ్తాడు. ఆ తరగతి నడిచే వేళా, తండ్రి వార్తలు చదివే వేళా ఒకటే. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూడలేదు.

ఆ సాయంత్రం వాడు తరగతి నుంచి వచ్చేసరికి తల్లి వీధి మెట్టు మీద కూర్చుని ఉంది. వాడు పక్కనే కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఏంటమ్మా బయట కూర్చున్నావు? అత్త మళ్లీ కిటికీ మూసేసిందా?"

"కోర్టులో ఏడవాలన్నా రాజభాషలోనే ఏడవాలటరా" అంది ఆవిడ.

బూటు తాడు మీద వాడి వేళ్లు ఆగాయి. చిన్నప్పుడు పంచదార డబ్బా దగ్గర దొరికినప్పుడూ వాడింతే. పరిగెత్తడు, ఏడవడు. చేతులు ఎక్కడున్నాయో అక్కడే ఆపేస్తాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"అది నేనడగాల్సిన మాట."

"అమ్మా, నువ్వనుకున్నట్టు కాదు. మా ఆఫీసు పైవాళ్లు నన్ను పిలిచారు. మీ నాన్న చదివేదాని మీద ఒక చెవి వేసి ఉంచేవాడు కావాలన్నారు. నువ్వు కాదంటే బయటివాణ్ణి పెడతామన్నారు. బయటివాడైతే ఏం చేస్తాడు? దొరికిందల్లా చెప్తాడు. నేనైతే చూసీచూడనట్టు పోవచ్చు కదా అనుకున్నా. ఎన్ని మాటలు చెప్పకుండా మింగానో నీకేం తెలుసు?"

"మరి దీన్ని ఎందుకు మింగలేదు?"

"ఎప్పుడూ అంతా బాగానే ఉందంటే నన్ను నమ్మడం మానేశారు. ఏదో ఒకటి చెప్పాలి. ఇది జోకు కదమ్మా. నవ్వి ఊరుకుంటారనుకున్నా."

"నీకు అప్పజెప్పేటప్పుడు నీ పెళ్లాం ఒక్కతే నవ్విందట. నువ్వు నవ్వలేదటగా."

వాడు తల దించుకున్నాడు. వీధిలో ఎవరో సైకిల్ మీద పోతూ పలకరించారు. అమ్మా కొడుకూ ఇద్దరూ నవ్వుముఖం పెట్టి చెయ్యి ఊపారు. సైకిల్ మలుపు తిరిగాక రెండు ముఖాలూ మళ్లీ యథాస్థానానికి వచ్చాయి.

"ఒరేయ్, చెవి వేసి ఉంచమన్నారు అన్నావు. ఆ చెవైనా వేసుంటే బాగుండేదిరా. ఒక్క సాయంత్రం తరగతి ఎగ్గొట్టి, ఏ కిళ్లీకొట్టు దగ్గరో నిలబడి మీ నాన్న గొంతు వినుంటే, ఆయన ఆ మాట అనలేదని నీకే తెలిసేది. ఆయన అనని మాటకి ఆయన పీక పట్టుకున్నావు. నువ్వు విన్నావని నా బాధ కాదు నాన్నా. వినకుండా చెప్పావు."

"అనలేదా?" వాడు తలెత్తి చూశాడు.

"అనలేదు."

విప్పిన బూట్లు పక్కన పెట్టి, వాడు చిన్నగా, "నాన్నకి చెప్పకమ్మా" అన్నాడు.

చెప్తే ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు ఉండరు. చెప్పకపోతే వాడు రేపు ఇంకో మాట చెప్తాడు, ఆ పది నిమిషాలూ ఉండవు. ఆవిడ మెట్టు మీంచి లేస్తూ, "చేతులు కడుక్కో. మీ నాన్న వచ్చే వేళైంది" అంది.

భోజనాల బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. వార్తలాయన మామూలుకంటే కాస్త నెమ్మదిగా తింటున్నాడు. వదినగారు తన పళ్లెంలోంచి కూర తీసి తమ్ముడి పళ్లెంలో వేసింది. బాధ వచ్చినా సంతోషం వచ్చినా ఆవిడ చేసే పని అదొక్కటే.

"ఒక సంగతి చెప్పాలి" అన్నాడు ఆయన, నీళ్ల గ్లాసు పక్కకి జరుపుతూ. వార్తలు చదివే గొంతు కాదది. అందరూ కొద్దిగా ముందుకి వంగితే గానీ వినపడని గొంతు. "వచ్చే నెల నుంచి రాజభాష పరీక్ష నెగ్గినవాళ్లే వార్తలు చదవాలని రూలు పెట్టారు. చదవగలిగినవాళ్లు లేరంటే ఆ పది నిమిషాలూ ఎత్తేస్తారు. వాళ్లు చూస్తోంది దానికోసమే."

"నువ్వు రాసెయ్యరా పరీక్ష. నీకు రాకనా?" అంది వదినగారు.

"వచ్చక్కా. ఇన్నేళ్లూ రెండు భాషల మధ్య గుమ్మంలా పడున్నాను. ఇప్పుడు నాకు తలుపు తట్టడం నేర్పుతామంటే వెళ్లను. పరీక్ష నెగ్గినా రేపు ఇంకో ఫిర్యాదు వస్తుంది. నా గొంతు మీద వాళ్లకి అనుమానం పుట్టింది. అది పోదు." ఆగాడు. "ఆ ఫిర్యాదు ఎవరు చేశారో నేను అడగను. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే మనం ఈ బల్ల దగ్గర ఇలా కూర్చోలేం."

వార్తలమ్మ భర్త ముఖంలోకి చూసింది. ఆయన ఎవరి వైపూ చూడటం లేదు. ఎవరి వైపూ చూడకుండా ఉండటానికి ఎంత జాగ్రత్త పడుతున్నాడో చూస్తే, ఆవిడకి ఇక చెప్పాల్సిందేమీ మిగల్లేదని తెలిసిపోయింది.

"రాజభాషలో బడికి వెళ్లినవాళ్లకి ఆ పరీక్ష అక్కర్లేదు. వాళ్ల మీద అనుమానాలూ ఉండవు. అందుకని, ఈ నెలాఖరుకి నేను మానేస్తున్నాను. నా బదులు కోడలు చదువుతుందని డైరెక్టరుకి చెప్పొచ్చాను. తనకి ఇష్టమైతేనే అని కూడా చెప్పాను."

కొడుకు చేతిలోని ముద్ద పళ్లేనికీ నోటికీ మధ్యలో నిలబడిపోయింది.

"ఇదా!" వదినగారి గొంతు లేచింది. "దీని యాసకి రేడియోలు పగిలిపోతాయి! అయినా దీనికి మన అక్షరాలే రావు కదరా!"

"తన అక్షరాల్లోనే రాసుకుని చదువుతుంది. గాలిలో అక్షరాలు కనపడవక్కా. యాస అంటావా, మన భాష అవతలివాళ్ల పిల్ల నోట్లో ఎలా ఉంటుందో ఊరు వింటుంది. విననీ." ఆయన కంచం అంచున వేళ్లు ఆనించాడు. "ఇంకోటి. రేపటి నుంచి వంటింట్లో చదవడం ఉండదు. ఎవరైనా వినాలనుకుంటే, సాయంత్రం రేడియో దగ్గర కూర్చుని వినాలి."

కిటికీ రెక్క గాలికి ఒకసారి కొట్టుకుంది. దాన్ని మూయడానికి గానీ తెరవడానికి గానీ ఎవరూ లేవలేదు.

కోడలు లేచింది. గిన్నె అందుకుని అత్తగారికి వడ్డించింది, పెద్దావిడకి వడ్డించింది, మామగారికి వడ్డించింది. చివరికి భర్త పక్కకి వచ్చి నిలబడింది. అతను తలెత్తలేదు.

"నేను చదువుతాను మామయ్యా" అంది, ఒక్కో మాటా విడివిడిగా, ఎక్కడా తొట్రుపడకుండా. తర్వాత భర్త పళ్లెంలో ఒక గరిటె వేసి, అదే గొంతుతో, ఇంటిల్లిపాదికీ వినపడేలా అంది:

"ఇక నుంచి ఆ వేళకి మీరు తరగతి మానుకోవలసి ఉంటుంది. ఇంట్లో మీకు అప్పజెప్పేవాళ్లు ఎవరూ ఉండరు."